ఇరవై నెలల వయసులో చూపూ వినికిడీ పోయిన మా మనవరాలితో మాట్లాడడం ఎలా?

మడ్డువలస తాతయ్య (జూన్ 14)

సభ్యులందరికీ నమస్కారం. నేను తెలుగు పండితుడిగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మాది విజయనగరం జిల్లా వంగర మండలంలో మడ్డువలస జలాశయానికి దగ్గరలో ఉన్న పల్లె. మా అమ్మాయి కూతురికి ఇరవై నెలలు నిండిన రోజుల్లో తీవ్రమైన జ్వరం వచ్చింది. మెదడు పొరల వాపు అన్నారు, మెనింజైటిస్ అన్నారు, పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. బిడ్డ దక్కింది. ఇంటికి తెచ్చిన వారానికే పాప దీపం వైపు కన్ను తిప్పడం లేదని మా అమ్మాయి కనిపెట్టింది. అయితే వినికిడి కూడా పోయిందని తెలుసుకోవడానికి మాకు మరో ఏడు నెలలు పట్టింది. పిలిస్తే పలకకపోవడానికి కారణం చూపు లేకపోవడమే అనుకుంటూ వచ్చాం. చెవి పరీక్ష చేయించమని ఆ ఆసుపత్రిలో మాకు ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడు పాపకు నాలుగేళ్ళు నిండాయి. జ్వరానికి ముందు అమ్మ, తాత, బువ్వ, కాకి అనే మాటలు స్పష్టంగా పలికేది. ఇప్పుడు ఒక్కటీ లేదు. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ జీవితాన్ని నేను ఎన్నో ఏళ్ళు పిల్లలకు కథగా చెప్పినవాణ్ణి కనుక, ఆమెకు ఆమె గురువు నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. రోజూ పాపను బోరింగు దగ్గరకు తీసుకువెళ్ళి, ఒక చేతి మీద నీళ్ళు పడనిచ్చి, రెండో అరచేతిలో 'నీరు' అని వేలితో రాస్తున్నాను. మూడు నెలలయింది. మొదట్లో ఊరుకునేది, తరువాత చేయి లాక్కోవడం మొదలుపెట్టింది, నిన్న నా వేలు కొరికింది. ఇప్పుడు నా చేయి తగిలితేనే ముడుచుకుపోతోంది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలిసినవారు చెప్పండి.

పలాస అమ్మ (జూన్ 14)

మాస్టారూ, మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాడు కడుపులో ఉండగా రెండో నెలలో నాకు ఒళ్ళంతా సన్నటి దద్దుర్లు వచ్చి మూడు రోజుల్లో తగ్గిపోయాయి. అది రుబెల్లా అని వాడు పుట్టాక తెలిసింది. రెండు కళ్ళలో శుక్లాలతో, పూర్తి చెవుడుతో పుట్టాడు. మన రాష్ట్రంలో పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా కలిపి వేయడం 2017 ఆగస్టులో మొదలైంది. నా చిన్నతనానికి అది అందని కాలం.

మీ పాప కొరికిందని బాధపడకండి. మా వాడు మూడేళ్ళ పాటు నా చేతులను కొరికాడు. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మనకు ఒక మనిషి గది దాటి వస్తుంటే అడుగుల చప్పుడు వినిపిస్తుంది, ఆకారం కనిపిస్తుంది, చేయి చాచినప్పుడు ఎందుకు చాచారో తెలుస్తుంది. వాడికి మాత్రం ప్రతి చేయీ ఉన్నట్టుండి శూన్యంలోంచి ఊడిపడేది. ఒక చేయి మందు పోసేది, ఒక చేయి ముఖం తుడిచేది, ఒక చేయి నిద్రలోంచి ఎత్తుకుపోయేది. అడిగి ముట్టుకున్న చేయి వాడికి ఒక్కటీ లేదు.

ఆ తరువాత ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరు వచ్చినా ముందు భుజం మీద అరచేయి ఆనించి, వాడు తల తిప్పేవరకు ఆగాలి. తరువాత తామెవరో తెలిపే గుర్తు వాడి చేతికి అందించాలి. నాది కుడిచేతి మెలికల గాజు, వాళ్ళ నాన్నది గడ్డం, నాయనమ్మది ముంజేతి మీద పచ్చబొట్టు దగ్గర ఉన్న మచ్చ. నేను గాజు తీసేసిన రోజున నన్ను దగ్గరకు రానివ్వలేదు. నేను నేనేనని వాడు నమ్మాలంటే ఆ గాజు ఉండాలన్నమాట.

భవిత టీచరు (జూన్ 15)

నేను గజపతినగరం వైపు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి నేర్పడం కూడా మా పనిలో భాగమే. మాస్టారూ, హెలెన్ కెల్లర్ కథను మీరు చదివినట్టే మేమందరం చదివాం. అయితే పాఠ్యపుస్తకంలోని కథ నీటి పంపు దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది కనుక, దాని వెనకాల ఉన్న సంగతులు కొన్ని మరుగున పడిపోయాయి.

హెలెన్ 1880 జూన్ 27న పుట్టింది, 19 నెలల వయసులో జబ్బు చేసింది. ఆమె గురువు ఆన్ సల్లివన్ 1887 మార్చి 3న ఆ ఇంటికి వచ్చేనాటికి హెలెన్‌కు ఇంకా ఏడేళ్ళు నిండలేదు. కానీ అప్పటికే ఆ పిల్లకు తాను కల్పించుకున్న సైగలు అరవైకి పైగా ఉండేవి. రొట్టె కావాలంటే ముక్కలు కోసి వెన్న రాస్తున్నట్టు అభినయించేది, ఐస్‌క్రీమ్ కావాలంటే చలికి వణికినట్టు చేసేది, రమ్మనడానికి లాగేది, పొమ్మనడానికి తోసేది. వంటమనిషి కూతురు ఆ సైగలు చాలావాటిని అర్థం చేసుకుని బదులిచ్చేది. అంటే తాను ఏదైనా చెబితే అవతల ఒకరు అందుకుంటారని హెలెన్‌కు అయిదేళ్ళుగా తెలుసు. ఆ తరువాత నెల రోజులకు పైగా ఆన్ సల్లివన్ ఎడతెగకుండా ఆమె అరచేతిలో మాటలను వేళ్ళతో కూర్చిన మీదట, ఏప్రిల్ 5న నీళ్ళ దగ్గర, ఆ గుర్తు నీళ్ళకు పేరని తెలిసి ముడి విడింది. పైగా 'వాటర్' అనే మాట జబ్బుకు ముందు ఆమె నోట సగం సగంగా పలికిన మాటే, ఆ ధ్వని ఆమెకు ఎక్కడో మిగిలే ఉంది.

మీరు కట్టిన ఇంటికి పైకప్పు ఉంది, గోడలు లేవు. కఠినంగా అన్నానని అనుకోకండి. 'నీరు' అని రాసిన గుర్తు నీళ్ళకు పేరు అని గ్రహించాలంటే ముందు వస్తువులకు పేర్లుంటాయని తెలియాలి. అది తెలియాలంటే ఒకదానికి బదులుగా మరొకటి నిలబడగలదని తెలియాలి. అందుకని రెండు పనులు చేద్దాం.

మొదటిది, పది రోజులు ఏమీ నేర్పకండి. పాప ఒంటితో ఏం చెబుతోందో ఇంట్లోవాళ్ళు ముగ్గురూ ఒక పుస్తకంలో రాయండి. ఎప్పుడు ఎవరి వైపు వాలింది, దేన్ని ముక్కు దగ్గరకు పెట్టుకుంది, ఎప్పుడు ఊపిరి బిగపట్టింది, దేనికి పడుకుంది. రెండోది, ప్రతి పనికీ ముందు ఆ పనికి సంబంధించిన ఒక వస్తువును చేతికివ్వండి. అన్నానికి ముందు ఆమె గంటె, స్నానానికి ముందు చిన్న చెంబు, బయటకు వెళ్ళడానికి ముందు చెప్పు. ప్రతిసారీ అదే వస్తువు ఉండాలి, ఇచ్చిన వెంటనే ఆ పని జరగాలి. నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్ అనే ఆచార్యుడు రుబెల్లా వల్ల చూపూ వినికిడీ రెండూ దెబ్బతిని బధిరాంధులుగా పుట్టిన పిల్లలతో ఏళ్ళ తరబడి పనిచేసి, ఇటువంటి వస్తువులనే వరుసగా పెట్టి రోజు గడిచే తీరును పిల్లలకు చేతికి తెలిసేటట్టు చేశాడు. కుట్టుబుట్టలంత వెదురు బుట్టలు అయిదు గోడకు వరుసగా కట్టండి. ఎడమవైపు నుంచి ఒక్కో బుట్టలో జరగబోయే పనికి గుర్తు, చివర 'అయిపోయింది' అనడానికి ఒక లోతైన బుట్ట. పని కాగానే ఆ వస్తువును పాపతో కలిసి ఆ లోతు బుట్టలో వేయాలి.

ఇంకొక్క మాట. ఆమె చేతిని మీ చేతిలో పట్టుకుని కదపకండి. మీ చేయి కింద ఉండనివ్వండి, ఆమె చేయి పైన వాలనివ్వండి. ఇష్టం లేకపోతే తీసుకునే వీలు ఆమెకు ఉండాలి.

పిల్లల వైద్యుడు, విశాఖ (జూన్ 15)

మెనింజైటిస్ తరువాత వినికిడి పోవడం అరుదు కాదు. జబ్బు తగ్గి ఇంటికి పంపే ముందే, లేదా ఆ తరువాత కొద్ది వారాల్లోనే చెవి పరీక్ష చేయాలన్నది వైద్యులందరూ పాటించవలసిన నియమం. ఇందులో తొందర ఎందుకంటే, ఈ జబ్బు తరువాత కొందరిలో లోపలిచెవిలోని నత్తగుల్ల ఆకారపు భాగం, అంటే కాక్లియా, క్రమంగా ఎముకగా గట్టిపడిపోతుంది. అలా పూడిపోయాక, వినికిడి కోసం లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పరికరపు తీగను లోపలికి పంపడం కష్టమవుతుంది. ఆలస్యమైంది నిజమే అయినా ఇంకా చూపించవచ్చు. శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్షతో పాటు చెవి ఎముకకు సీటీ, ఎంఆర్ఐ తీయిస్తే దారి ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది. ఇంప్లాంట్ పెట్టినా అది చూపున్న పిల్లలకు ఇచ్చినంత ఫలితం ఇవ్వకపోవచ్చు కనుక, టీచరు గారు చెప్పిన చేతి భాషను ఆపవద్దు.

చూపు విషయంలో ఒక అనుమానం. కన్ను బాగానే ఉండి, మెదడులోని చూపు దారి దెబ్బతిన్న పిల్లలు కొందరుంటారు. వీరిలో చూపు కొంత మేరకు తిరిగి రావచ్చు. పాప ఎండలో చేతివేళ్ళు కళ్ళ ముందు ఆడించుకుంటుందా? నల్లటి బట్ట మీద పచ్చని వస్తువు కదిపితే తల తిప్పుతుందా? బధిరాంధులు అనిపించుకునే వారిలో ఎక్కువమందికి ఎంతో కొంత చూపో వినికిడో మిగిలే ఉంటుంది. విశాఖలోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యశాలలో చూపు తక్కువైన పిల్లల పునరావాస విభాగానికి ఒకసారి తీసుకురండి.

చీపురుపల్లి తమ్ముడు (జూన్ 16)

విషయం కాస్త పక్కదే అయినా మన ప్రాంతానికి అవసరమని రాస్తున్నాను. మా అన్నయ్య పుట్టుచెవుడు, నడక ఆలస్యంగా వచ్చింది, పదేళ్ళు దాటాక చీకట్లో గోడలకు గుద్దుకోవడం మొదలుపెట్టాడు. అల్లరి అనుకుని కొట్టారు. అది చెవుడుతో పాటు చూపూ క్రమంగా పోయే అషర్ సిండ్రోమ్ అని ఇరవై రెండేళ్ళకు తెలిసింది. మా అమ్మానాన్నలది మేనరికం. తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బు ఇది కనుక మేనరికాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చెవుడున్న పిల్ల రేచీకటితో తడబడుతుంటే కంటి పరీక్ష చేయించండి. చూపు పూర్తిగా పోకముందే చేతి భాష నేర్పితే ఆ బిడ్డ ఒంటరి కాదు.

మడ్డువలస తాతయ్య (జూన్ 27)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పది రోజులు ఏమీ నేర్పకుండా కూర్చోవడం నా వృత్తిలో ఎన్నడూ చేయని పని. పుస్తకంలో ముప్పై నాలుగు సంగతులు చేరాయి. వాటిలో కొన్ని రాస్తాను.

ఆకలి వేస్తే మా ఇంటావిడ చేయి వెతికి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంటుంది. చోడి అంబలి వద్దనుకుంటే గిన్నెను తోయదు, పెదవులు లోపలికి మడుచుకుంటుంది. రోట్లో పప్పు రుబ్బుతుంటే నేల అదురు తెలిసి పాకుకుంటూ వచ్చి చెంపను రోలుకు ఆనించి పడుకుంటుంది. రుబ్బడం ఆపితే రోలును రెండుసార్లు కొడుతుంది. ఆమె అలా కొట్టడం నేను ఏడాదిగా చూస్తున్నాను, ఆటనుకున్నాను. మొన్న కొట్టగానే మా ఇంటావిడ మళ్ళీ రుబ్బింది. ఆపింది, పాప మళ్ళీ రెండుసార్లు కొట్టింది. అలా పదకొండుసార్లు జరిగింది. నా భార్య కళ్ళు తుడుచుకుంటూ "గుంట ఇన్నాళ్ళూ అడుగుతానే ఉందండీ" అంది.

విశాఖ వెళ్ళి వచ్చాం. కుడి కంటికి వెలుతురు, పెద్ద నీడలు తెలుస్తున్నాయట. చెవి స్కానుల ఫలితం రావలసి ఉంది.

ఆరు చుక్కలు (జూన్ 29)

నేను బొబ్బిలి ప్రాంతం వాణ్ణి. నాలుగేళ్ళ వయసులో ఇదే జబ్బుతో నాకు చూపూ వినికిడీ పోయాయి. ఇప్పుడు నాకు ముప్పై ఎనిమిది. మీరు రాసినవన్నీ నా బ్రెయిలీ తెర మీద చుక్కలుగా లేస్తుంటే వేలితో చదువుతున్నాను. ఇంతవరకు మాట్లాడినవారందరూ పిల్ల పక్కన ఉన్నవారు, నేను ఆ పిల్ల ఉన్న చోటు నుంచి రాస్తున్నాను.

నాకు చీకటిగా ఉన్నట్టు గుర్తు లేదు, నిశ్శబ్దంగా ఉన్నట్టు కూడా గుర్తు లేదు. లోకం చేయి చాచినంత దూరానికి వచ్చి ఆగిపోయిందని మాత్రం గుర్తుంది. చేతికి తగలనిది లేనట్టే. అమ్మ పక్క నుంచి లేస్తే వంటింటికి వెళ్ళిందని కాదు, అమ్మ లేకుండా పోయిందని అర్థం. తిరిగి తగిలితే మళ్ళీ పుట్టిందని అర్థం. రోజుకు ముప్పైసార్లు తల్లి పోయి ముప్పైసార్లు పుట్టే పిల్లవాడు ఏడవకుండా ఎలా ఉంటాడు? మా అమ్మ ఎవరూ చెప్పకుండానే ఒక పని చేసింది. లేచే ముందు తన కొంగు అంచు నా పిడికిట్లో పెట్టి, రెండుసార్లు నొక్కి, వదిలించుకుని వెళ్ళేది. వచ్చాక మళ్ళీ అదే కొంగు అదే పిడికిట్లో. కొన్నాళ్ళకు ఆ రెండు నొక్కులకు అర్థం 'వస్తాను' అని నాకు తెలిసింది. నాకు జబ్బు తరువాత తెలిసిన మొదటి మాట అదే. అది ఏ అక్షరాల్లోనూ లేదు.

మా నాన్నగారు పనసచెక్కతో వీణలు చేసేవారి దగ్గర పనిచేసేవారు. వీణ కుండ మీద నా చెవిని కాదు, రొమ్మును ఆనించి తీగ మీటేవారు. తీగ ఆగాక ఆయన చేతిని తీసుకుని తీగ మీద పెట్టడం నేను నేర్చుకున్నాను. మీ పాప రోలును కొట్టడం అదే, మాస్టారూ. ఆ రోజు మీ ఇంట్లో జరిగినది సంభాషణ. పదకొండు మాటలు ఆమెవి, పదకొండు మీవి.

తెలుగు అక్షరాల సంగతి కూడా చెప్పాలి. మన లిపి కంటికి అందంగా ఉంటుంది గానీ అరచేతిలో రాస్తే వ, ప, మ, ఘ అన్నీ ఒక గుండ్రటి కదలికలాగే తగులుతాయి. కొమ్ము, తలకట్టు, ఒత్తు ఇంకా కష్టం. నాకు తొమ్మిదో ఏట బ్రెయిలీ వచ్చాక మా అక్క, నేను వేళ్ళ మీద చుక్కలు తట్టుకోవడం మొదలుపెట్టాం. జపాన్‌లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో వాడుకలో ఉందని తరువాత తెలిసింది. రెండు చేతుల చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళు కలిపితే ఆరు, బ్రెయిలీ గడిలో చుక్కలూ ఆరే. ఎడమచేతి మూడు వేళ్ళు 1, 2, 3 చుక్కలు, కుడిచేతివి 4, 5, 6. 'అ' అంటే 1, 'క' అంటే 1, 3, 'మ' అంటే 1, 3, 4. ఒత్తు రాబోతోందని చెప్పడానికి ముందు 4 తట్టాలి. అప్పుడు 'అమ్మ' అనే మాట నాలుగు తట్లలో పూర్తవుతుంది. మా అక్క పెళ్ళిలో పురోహితుడు చెప్పేదంతా నాకు ఇలాగే తట్టి వినిపించింది. ఇది మీ పాపకు ఇప్పుడే కాదు. అయిదారేళ్ళ తరువాత అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

పొందూరు నేత (జూలై 1)

ఇంత శ్రమ ఇంట్లో పడడం కంటే పాపను ఇటువంటి పిల్లల కోసమే ఉన్న బడిలో చేర్చడం మేలు కదా? 1837లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల బడిలో డాక్టర్ హోవ్, చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్ అనే పిల్లకు చెంచా, తాళంచెవి వంటి వస్తువులకు ఉబ్బెత్తు అక్షరాల చీటీలు అంటించి భాష నేర్పాడు. హెలెన్ కంటే యాభై ఏళ్ళ ముందే అది సాధ్యమైంది. ఆన్ సల్లివన్ వేలి అక్షరాలు అలవాటు చేసుకున్నది కూడా అదే బడిలో ఆ లారాతో మాట్లాడుతూనే.

భవిత టీచరు (జూలై 2)

మీరు చెప్పిన చరిత్ర నిజం. ముంబైలో 1977 నుంచి హెలెన్ కెల్లర్ పేరిట బధిరాంధుల విద్యాసంస్థ ఉంది, చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. మాస్టారి కుటుంబం ఒకసారి ముట్టుకాడు వెళ్ళి పరీక్షలు చేయించుకుని, శిక్షణ తీసుకుని రావడం మంచిదే. కానీ నాలుగేళ్ళ బిడ్డను అక్కడ వదిలి రావడానికి నేను ఒప్పుకోను. రోలు, అమ్మమ్మ చేయి, అంబలి వాసన, ఇవే ఆమె పదకోశం. దాన్ని ఇక్కడ వదిలి పిల్లను మాత్రం పంపితే, అక్కడ ఏ పునాది మీద కడతారు?

వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళ్ళినప్పుడు అందులో అంధత్వం అని మాత్రమే రాయించుకోకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో బధిరాంధత్వంతో సహా బహుళ వైకల్యాలకు ప్రత్యేకంగా చోటుంది. ఒక వైకల్యంగా నమోదైతే పాపకు కావలసిన బోధన ఏమిటో ఎవరికీ కాగితం మీద కనిపించదు.

మడ్డువలస తాతయ్య (నవంబరు 19)

చాలాకాలానికి రాస్తున్నాను. ఎడమ చెవి పూర్తిగా గట్టిపడిపోయిందని, కుడి చెవిలో కొంత దారి ఉందని తేలింది. శస్త్రచికిత్సకు వచ్చే నెలలో పిలుస్తామన్నారు. ఫలితం మీద ఆశ ఎక్కువ పెట్టుకోవద్దని వైద్యులు, పెట్టుకోకుండా ఉండలేక మేము.

బుట్టలు కట్టి నాలుగు నెలలు దాటింది. మొదటి మూడు నెలలు పాప గంటెను అందుకోవడం, విసిరేయడం తప్ప ఏమీ జరగలేదు. నేను రెండుసార్లు బుట్టలు విప్పేద్దామనుకున్నాను. దసరా వెళ్ళాక ఒక రోజు గంటె చేతికివ్వగానే నోరు తెరిచింది, అన్నం ఇంకా వంటింట్లోనే ఉంది. ఆ తరువాత ఒకటొకటిగా చెంబు, చెప్పు, ఉయ్యాలకు గుర్తుగా పెట్టిన కొబ్బరితాడు ముక్క తెలిశాయి. నేను వచ్చానని చెప్పడానికి నా కళ్ళజోడు ఇస్తున్నాను. ఇప్పుడు నా చేయి తగిలితే ముడుచుకోవడం లేదు, పైకి తడుముకుంటూ కళ్ళజోడు కోసం వస్తోంది.

అసలు సంగతి మొన్న రాత్రి జరిగింది. రెండు గంటల వేళ నా మంచం దగ్గర ఏదో కదలిక. పాప గోడ పట్టుకుని బుట్టల దాకా నడిచి వెళ్ళి, తాడు ముక్క వెతికి తీసి, చీకట్లో నా మంచం దాకా వచ్చి, నా చేయి వెతికి, అరచేయి తెరిచి, దాన్ని అందులో పెట్టి వేళ్ళు మూసింది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు, ఉయ్యాల అక్కడ లేదు. ఎత్తుకుని వసారాలోకి వెళ్ళి గంటసేపు ఊపాను.

నిన్న రాత్రీ వచ్చింది. ఈ రాత్రీ వస్తుంది. రోజూ ఊపితే ఎవరికీ నిద్ర ఉండదు, ఊపకపోతే అడిగిన మాటకు విలువ లేదని అనుకుంటుందేమోనని భయంగా ఉంది. 'ఇప్పుడు కాదు, రేపు' అని ఆమెకు ఎలా చెప్పాలి?

పలాస అమ్మ (నవంబరు 19)

ఈ వారమంతా ఊపండి మాస్టారూ. అడిగితే దొరుకుతుందని ముందు గట్టిగా తెలియాలి. 'కాదు' అనే మాటను ఆ తరువాత తట్టుకుంటుంది.

ఆరు చుక్కలు (నవంబరు 20)

పలాస అమ్మగారి మాటే నా మాట. వారం తరువాత ఇలా చేసి చూడండి. ఆమె తాడు ఇచ్చినప్పుడు తీసుకోండి, కళ్ళజోడు ముట్టనివ్వండి, ఆమె చేయి మీ చేతి మీద ఉండగా ఇద్దరూ కలిసి బుట్టల దగ్గరకు వెళ్ళండి. తాడును 'అయిపోయింది' బుట్టలో వేయవద్దు. మొదటి బుట్టలో ఆమె దిండు గుడ్డ, రెండో బుట్టలో గంటె, మూడో బుట్టలో తాడు పెట్టి, ఆమె చేతిని మూడింటి మీదుగా నెమ్మదిగా నడవనివ్వండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి, పక్కనే ఉండండి. తెల్లవారి అంబలి తాగిన మరుక్షణం, ఇంకే పనీ మధ్యలోకి రానివ్వకుండా, మూడో బుట్టలోంచి ఆమెతోనే తాడు తీయించి ఉయ్యాల దగ్గరకు తీసుకువెళ్ళండి. ఒక్క ఉదయం కూడా తప్పవద్దు. వాన పడినా సరే.